మేబెల్‌ని అడిగి చెబుతా

మా వీధికి పాలు పోసే క్లారీ టక్‌వెల్ తన పాలబండి గుర్రం మేబెల్‌ని అడక్కుండా ఏ పనీ చేసేవాడు కాదు. వాన వస్తుందా అని అడిగితే ఆకాశం వంక చూడడు. "మేబెల్‌ని అడిగి చెబుతా తల్లీ" అని దాని చెవిలో గుసగుసలాడేవాడు. అది ఈగల్ని తోలుకోవడానికి తల విదిలిస్తే చాలు, "రాదట, బట్టలు ఆరేసుకో" అనేవాడు.

ఆరేసేదాన్ని. తడిసి ముద్దయ్యేవి.

"ఏమయ్యా, నీ మేబెల్ రాదందిగా?"

"మన వీధికి రాదంది తల్లీ. నీ పెరడు పక్క వీధిలోకి వస్తుందిగా!"

మెల్‌బోర్న్ కప్పు గుర్రప్పందెంలో ఎవరి మీద కాయాలో కూడా దాన్నే అడిగాడు. అది చెప్పిన గుర్రం అందరికంటే ఆఖర్న, ఆయాసపడుతూ వచ్చింది. "పోనీలే, చుట్టాన్ని కాదనలేక చెప్పింది" అన్నాడు. మా ఊరు సెస్నాక్‌లో ఎన్ని బొగ్గు గనులున్నా ఉండనీ, ఇలాంటి పాలవాడు మా వీధికే ఉన్నాడని నేను ఊరంతా చెప్పుకునేదాన్ని.

ఆ ఏడు ఎదురింటి లెస్ ప్రౌస్‌కి బొగ్గు గనిలో నడుం విరిగింది. మనిషి మంచాన పడ్డాడు. ముగ్గురు పిల్లలు. అతని భార్య వెరా మహా అభిమానవతి. నేను పంపిన సూపు గిన్నెను మూతైనా తీయకుండా తిప్పి పంపింది. క్లారీని గేటు దగ్గరే ఆపి, "రేపట్నుంచి మాకు పాలొద్దు" అంది.

"అయ్యో, పిల్లలు..."

"జాలి మా గడప తొక్కదు క్లారీ."

మర్నాడు మేబెల్ ఆ గేటు ముందుకొచ్చి ఆగిపోయింది. క్లారీ అరిచాడు, బతిమాలాడు, టోపీ నేలకేసి కొట్టాడు. అది కదల్లేదు. ఆ గొడవకి వెరా బయటికొచ్చింది.

"ఏమిటీ రభస?"

"ఈ గుమ్మంలో పాలు పోస్తేగానీ అడుగు వెయ్యదట తల్లీ! ఇంకా నాలుగు వీధులున్నాయి. ఎండెక్కితే పాలన్నీ విరిగి ఊరుకుంటాయి. పుణ్యముంటుంది, నీ పాల కేను తెచ్చి ఇలా పట్టు."

వెరా కేను పట్టింది. అయితే ఊరికే పుచ్చుకునే రకం కాదుగా, పెరట్లోంచి ఓ క్యారెట్టు పీకి తెచ్చి మేబెల్ నోటికందించింది. "ఇది నీ గుర్రానికి కూలి" అంది. మేబెల్ కదిలింది.

ఇక రోజూ అదే వరస. మా కిటికీ పరదా సందులోంచి నాకు మాత్రం ఇంకోటి కనిపించేది. క్లారీ నోరు "నడవవే మొండిఘటమా!" అని అరుస్తుంటే, చేతులు కళ్ళేన్ని గట్టిగా వెనక్కి లాగిపట్టి ఉండేవి. నేను ఎవరితోనూ అనలేదు. నా జన్మలో నేను దాచిన రహస్యం అదొక్కటే.

లెస్ ఇంకా లేచి కూర్చోనేలేదు, ఇంతలో పాల డిపో యజమాని మోటారు వ్యాను కొన్నాడు. మేబెల్‌ని ఊరి బయట పచ్చికలో వదిలేశారు. గుర్రమైతే మొరాయిస్తుంది. ఇనుప డబ్బాకి మొండితనమెక్కడిది? ఆ పిల్లల పాలు ఏం కాను?

వ్యాను మొదటిరోజు పొద్దున్నే పరదా వెనక నించున్నాను. మా ఇల్లు దాటింది. వెరా వాళ్ళ గేటు ముందుకొచ్చింది. 'కక్ కక్' మని దగ్గి, ఠక్కున ఆగింది. క్లారీ దిగాడు. చక్రాన్ని ఓ తన్ను తన్నాడు.

"చూశావా తల్లీ! ఇందాకటిదాకా బుద్ధిగానే వచ్చింది. మేబెల్ వెళ్తూ వెళ్తూ దీనికి కూడా నూరిపోసింది!"

వెరా మెట్ల మీద నిలబడిపోయింది. ఒక చేతిలో పాల కేను, రెండో చేతిలో అలవాటు కొద్దీ పీకిన క్యారెట్టు. వ్యానుని చూసింది. క్లారీ జేబులోంచి తొంగిచూస్తున్న వ్యాను తాళంచెవిని చూసింది. అంతా అర్థమైపోయిందనుకున్నాను.

ఆమె మెల్లిగా వచ్చి కేను పట్టింది. పాలు నిండాక, క్యారెట్టుని వ్యాను ముక్కు మీద పెట్టింది.

"దీనికీ ఇష్టమేనా?"

క్లారీ వంగి, ఇంజను మీద చెవి ఆనించాడు. "అడిగాను తల్లీ. ప్రాణమట!"

వెరా నవ్వింది. నెలల తర్వాత విన్నాను ఆ నవ్వు. వ్యాను బుద్ధిగా కదిలింది.

లెస్ మళ్ళీ పనిలోకి వెళ్ళేదాకా మా వీధి వ్యాను రోజుకో క్యారెట్టు తింది. పెట్రోలు తాగే బళ్ళు ఎక్కడైనా ఉంటాయి. క్యారెట్లు తినే బండి మాదొక్కటే.