ఓటు లేని రోజు సంగటి

నా చిన్నప్పుడు మా ఊరికీ తడ అనే ఊరికి పోయే రోడ్డుకూ నడుమ ఒక వంక ఉండేది. ఏడాదిలో ఎక్కువ నెలలు అందులో ఇసుకే. కార్తీకం వానలు పట్టుకుంటే మాత్రం వంక పొంగి మాకు దారి ఉండేది కాదు. అలాంటి వానల్లోనే, కాన్పుకని పుట్టింటికి వచ్చిన మా చిన్నత్తకు నొప్పులు మొదలయ్యాయి. మంచం మీద పడుకోబెట్టి మోసుకెళ్ళారు. వంక దాటనివ్వలేదు. సూళ్లూరుపేట ఆసుపత్రికి చేరవలసిన మనిషి గట్టు మీదే, తల్లి ఒళ్ళో, కడుపులో బిడ్డతో సహా కన్నుమూసింది. ఆ తల్లి మా అవ్వ.

తర్వాత ఎండలు మొదలయ్యే వేళకు ఓట్లు వచ్చాయి. వంతెన వేసేదాకా ఓటు వేయకూడదని ఊరంతా ఒక మాట మీద నిలబడింది. ఆ మాట మొదట అన్నది మా అవ్వే. అమ్మకు అప్పుడే నెల తప్పింది. కాన్పు మళ్ళీ వానల్లోనే.

ఓట్ల రోజు పెట్టెతో వచ్చిన అధికారీ ఆయన మనుషులూ బడిలో కూర్చున్నారు. మధ్యాహ్నమైనా అటువైపు ఎవరూ పోలేదు. ఓట్లకు వచ్చినవాళ్ళకు ఊరివాళ్ళే అన్నం పెట్టడం ఆనవాయితీ. ఆ రోజు ఏ ఇంటి నుంచీ పోలేదు. అవ్వ రాగి సంగటి గెలికి, పులుసు కాచి, తట్టకెత్తుకుంది. నీళ్ళ చెంబు నా చేతికిచ్చింది.

"వాళ్ళకా? ఊరోళ్ళు నగుతారమ్మా" అన్నాడు నాయన.

"ఓటు లేదంటిమి. కూడు లేదంటిమా?" అని గడప దాటింది.

అధికారి పాపం ఆకలి మీదున్నాడు. తింటూ, మాటవరసకు అన్నట్టు అడిగాడు. "ఇసుకలోనే కదమ్మా మా జీపు వచ్చింది. దీనికి వంతెన ఎందుకు?"

అవ్వ ఇంకో ముద్ద పెట్టి, బొటనవేలితో గుంట చేసి, అందులో పులుసు పోసింది.

"మీరు ఎండలకు వస్తారు సామీ. నా బిడ్డ వానలకు పోయింది."

ఆయన ఆ ముద్ద తినేసి, బడి వాకిలి వైపు చూశాడు. గొంతు తగ్గించి, "నువ్వన్నా ఒక ఓటు వెయ్యమ్మా. ఉత్త పెట్టె తీసుకుపోతే నన్ను అడుగుతారు" అన్నాడు.

"ఇంకో ముద్ద అడుగు సామీ, పెడతా. అది మాత్రం అడగొద్దు."

ఆ మాట అంటున్నప్పుడు అవ్వ కళ్ళలో నీళ్ళు నిండడం, ఆమె కొంగు చాటున నక్కి ఉన్న నేను చూశాను.

ఉత్త పెట్టె ఇసుక దాటి వెళ్ళిపోయింది. వంతెన రాలేదు. వానలకు ముందే అవ్వ అమ్మను సూళ్లూరుపేటలో చుట్టాలింటికి చేర్చి, తనూ అక్కడే ఉండిపోయింది. తమ్ముడు అక్కడే పుట్టాడు. వంతెన వేసేనాటికి అవ్వ లేదు.

నేను ప్రతిసారీ ఓటు వేస్తాను. వేలికి సిరా పెడుతుంటే, సంగటి ముద్దలో గుంట చేసే అవ్వ వేలే గుర్తుకొస్తుంది. నలుగురిలో నోరు విప్పడం నాకు ఈనాటికీ చేతకాదు. అయినా బయటికి వచ్చే ముందు, అక్కడ కూర్చున్నవాళ్ళను అన్నం తిన్నారా అని అడిగి వస్తాను.