నిలబడిన నీళ్లు

నోవహు ఇంట్లో నీళ్లు నిలబడకూడదు. బకెట్ నిండితే చెయ్యి పెట్టి కదుపుతాడు. సంపు మూత తీస్తే అటు చూడడు. నల్లా సన్నగా కారుతూనే ఉండాలి. మౌలాలి రైల్వే కాలనీలో, రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఇంట్లో ఈ దుబారా ఏమిటని భార్య కాంతమణి మొత్తుకుంటుంది. పేరేమో జలప్రళయం దాటినవాడిది, భయమేమో బకెట్ నీళ్లంటే, అని నేనూ ఒకప్పుడు ఎగతాళి చేశాను. అసలు సంగతి తెలిశాక నోరు మూసుకున్నాను.

మా ఇద్దరికీ గాలం అలవాటైంది సఫిల్‌గూడ చెరువు గట్టు మీద. చెరువులో నాలుగు చేపలు పట్టినవాడికి సముద్రం కూడా లోకువే. ఆ ధీమాతోనే నోవహు తన బామ్మర్ది రోనాల్డ్ వెంట బాపట్ల అవతలి మొగకు, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటుకు, పండుగప్ప చేప కోసం వెళ్లాడు. అక్కడొక పద్ధతుంది. ఆటుకు నీరు వెనక్కి తీస్తున్న వేళ ఒకడు పాయ దాటి ఇసుకదిబ్బ మీద నుంచి గాలం వేస్తాడు. రెండోవాడు గాలం ముట్టకుండా ఒడ్డున కూర్చుని నీళ్లనే చూస్తుంటాడు. నీరు తీయడం మాని కదలకుండా నిలబడిందా, వెంటనే వెనక్కి రమ్మని కేక వెయ్యాలి. పండుగప్ప ఎరను మింగేది అప్పుడే. వెనక పాయలోకి పోటు దూరేదీ అప్పుడే.

ఆ రోజు ఒడ్డున ఉన్నది నోవహు. నీళ్లు నిలబడ్డాయి. చెరువు నీళ్లు ఎప్పుడూ అలాగే ఉంటాయి కదా, ఇక భయం లేదనుకున్నాడు. కేక వెయ్యలేదు. రోనాల్డ్ మర్నాడు దొరికాడు. పోటు ముంచిందని అందరూ ఏడ్చారు. కేక సంగతి నోవహు నాకొక్కడికే చెప్పాడు.

నిరుడు చలికాలంలో రోనాల్డ్ కూతురు హదస్సా పట్టుబట్టింది. బేగంపేటలో ఉద్యోగం, ఉండేది వీళ్లింట్లోనే. నాన్న నిలబడ్డ దిబ్బ మీద తానూ గాలం వెయ్యాలట, ఒడ్డున మామయ్యే కాపలా ఉండాలట. వద్దంటే ఒంటరిగానైనా పోయే పిల్ల. తోడుకు నన్నూ లాక్కెళ్లాడు. రైల్లో ఆమె నిద్రపోయాక నా చెవిలో అన్నాడు. "యుగంధర్, ఈ పిల్లను సుత నీళ్లకే ఇచ్చొస్తనేమో."

పొద్దున్నే ఆమె దిబ్బ మీదికి వెళ్లింది. నోవహు రెప్ప వెయ్యలేదు. నీరు ఇంకా తీస్తుండగానే రెండుసార్లు కేక వేశాడు. ఆమె నవ్వి చెయ్యి ఊపింది. కాసేపటికి ఆమె గాలం వంగింది, పెద్ద పండుగప్పే పడింది. ఆ సందట్లో ఒడ్డున నీళ్లలో కొట్టుకుపోతున్న గడ్డిపరక ఆగిపోయింది. నోవహు లేచాడు. నోరు తెరిచాడు. కేక రాలేదు. నేను అరవబోయేసరికే హదస్సా చేపను భుజానేసుకుని పాయలో సగం దాటేసింది.

ఆమె ఒడ్డెక్కాక, పిలవకుండానే ఎట్లొచ్చినవని అడిగాడు నోవహు.

"నీళ్లు నిలబడితే పిలుపు కోసం చూడొద్దని నాన్నే నేర్పాడు మామయ్యా."

"మీ నాయినకు ఎరికేనా? మరి ఆ దినం ఎందుకు రాలే?"

ఆమె గాలం విప్పుకుంటూ మామూలుగానే చెప్పింది. "బావకి పండుగప్ప పట్టివ్వకుండా రైలెక్కించనని అమ్మతో అని బయల్దేరాడంట. ఇంకొక్కసారి వేసి చూద్దామనుకుని ఉంటాడు."

ఇన్నేళ్లూ తన వల్ల పోయాడని కుమిలినవాడికి, తన కోసం పోయాడని ఇప్పుడు తెలిసింది. ఏది ఎక్కువ బరువో నేను చెప్పలేను.

హదస్సా చేపను రెండు చేతులా ఎత్తి అతని ముందు పట్టింది. "ఇది మీకే మామయ్యా."

నోవహు చేతులు లేవలేదు. చేప ఇంకా కొట్టుకుంటోంది. నేనే అందుకున్నాను.