టీచర్ ఎక్కే బస్సును ఆపింది నేనే

మా ఇంగ్లిషు టీచర్ పోయారని ఆమె తమ్ముడు సూర్యాపేట దవాఖాన నుంచి ఫోన్ చేసినప్పుడు నేను డిపోలో ఒక బస్సు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాను. వారానికి మూడుసార్లు నడిగూడెం నుంచి డయాలసిస్‌కు ఆమె వెళ్లే బస్సు అదే. మార్చాల్సిన సామాను రానిదే దానికి చేయగలిగిందేమీ లేదని తెలిసి కూడా రోజూ ఒకసారి దూరి చూసేవాణ్ని. ఆ రోజు చాలాసేపు బయటికి రాలేదు. వచ్చి మాత్రం ఏం చేస్తాను?

చెప్పేది ఇంగ్లిషే అయినా తెలుగులో తప్పు కనిపిస్తే ఊరుకునే మనిషి కాదు. నేను మెకానిక్‌గా చేరిన కొత్తలో, టీచర్ తన తమ్ముడింటికి వెళ్తూ బస్సు బోర్డు మీద ‘మిర్యాలగుడ’ అని చూసి డ్రైవర్‌ను కిందికి దింపారు. “దీర్ఘమేదయ్యా? గుడ కాదు, గూడ!” లోపల జనం గోల పెడుతున్నా, తన సంచిలోంచి సుద్దముక్క తీసిచ్చి, దీర్ఘం పడ్డాకే ఎక్కారు. రిటైరైన మనిషి సంచిలో సుద్దముక్కలేమిటని అడగకండి. మేం అడిగి తిట్లు తిన్నాం.

ఒంటరి మనిషి. కిడ్నీలు పాడయ్యాక ఆమెను నిలబెట్టినవి కొత్త బస్సులే. మెట్టు తక్కువ ఎత్తులో ఉండేది. మోకాళ్ల నొప్పులతోనే, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కేవారు. “మంచం మీద పండుకున్నట్టే పోతదిరా” అని నన్ను మెచ్చుకునేవారు, బస్సును నేనే తయారు చేసినట్టు.

ఆ బస్సుల సస్పెన్షన్‌లో లోపముందని, ఇరుసును పట్టి ఉంచే ఇనుప ముక్క పగులుతోందని, కొత్తది పంపేదాకా నడపవద్దని తయారీ కంపెనీ నుంచి కాగితం వచ్చింది. టార్చి వేసి చూస్తే టీచర్ బస్సుకు వెంట్రుకంత పగులు. ‘నడపరాదు’ అని రాసి సంతకం పెట్టాను. ఇవాళ అడిగినా అదే రాస్తాను.

సాయంత్రం ఆమె ఇంటికెళ్లి, బస్సు రీకాల్ అయింది టీచర్, అన్నాను. ఆమె కంగారు పడింది బస్సు గురించి కాదు.

“రీకాల్ అంటే గుర్తు తెచ్చుకొనుడు అని గదరా మీకు చెప్పిన?”

“ఎనక్కి పిలుసుడు అని గూడ ఉంటదట, టీచర్.”

“అయ్యో, ఒక్క అర్థమే చెప్పి పంపిన మిమ్ముల” అని నొచ్చుకున్నారు. నేను లేచాక మెల్లగా అడిగారు. “మల్లెప్పుడొస్తది బస్సు?”

“సామాను రావాలె, టీచర్.”

నెలన్నర పాటు ఇదే జవాబు చెప్పాను. బదులుగా వేసిన పాత బస్సు వేళకు రాదు. వచ్చినా మెట్టు ఎత్తు, కింద నుంచి ఒకరు తోస్తే పైనుంచి ఒకరు లాగాలి. ఆలస్యమైతే ఆమె వంతు ఇంకో రోగికి వెళ్తుంది, వాళ్లదీ ప్రాణమే కదా. ఆటో కుదుపులకు వాంతులు. సెలవు దొరికిన నాలుగుసార్లు నా బండి మీద తీసుకెళ్లాను. నాలుగే. రెండు వంతులు తప్పాయి, తర్వాత ఇంకొకటి. కాళ్లు ఉబ్బాయి, ఆయాసం మొదలైంది.

“నన్ను తిట్టండి టీచర్” అన్నాను ఒకరోజు.

“ఎందుకు తిడ్తరా? సరిగనే రాసినవ్. బండి నిండ జనముంటరు, నేనొక్కదాన్నేనా?”

తిట్టినా బాగుండేది.

వంతులు తప్పినందుకే పోయారా అని డాక్టరును అడిగాను. వయసన్నాడు, గుండె అన్నాడు. ఔననలేదు, కాదనలేదు. కోపం ఎవరి మీద చూపాలో తెలియక మూడు రోజులు ఇంట్లోవాళ్ల మీద అరిచాను.

నాలుగో రోజు సామాను వచ్చింది. అట్టపెట్టె విప్పితే నూనె కాగితంలో చుట్టిన ఇనుప ముక్క, నా అరచేతిలో పట్టింది. బిగించడానికి గంట కూడా పట్టలేదు. ‘నడపవచ్చు’ అని సంతకం పెట్టమని కాగితం తెచ్చారు. చేతులకు గ్రీజుందని చెప్పి కుళాయి దగ్గరికి వెళ్లాను. డ్రైవర్ ఇంజిన్ ఆన్ చేసుకుని ఎదురుచూస్తున్నాడు. నేను కడిగిన చేతులనే మళ్లీ కడుగుతూ అక్కడే నిలబడ్డాను.