చీకటిని నమ్మని అనుమానమ్మగారు

మా అనుమానమ్మగారికి శుభవార్త అంటే గిట్టదు. ఎవరైనా నవ్వు మొహంతో ఎదురొస్తే ఆ నవ్వుకి కారణం ఆరా తీసి, దాన్ని తుడిచేస్తేగాని ఆవిడకి తోచదు. మా ప్రయోగశాలకి పెద్ద కాబట్టి ఎదుట మేడం. అనుమానమ్మ అన్నది మేం చాటుగా పెట్టుకున్న పేరు.

మా పని, వైరస్‌ని కణంలోకి దూరకుండా బయటే ఆపే మందు వెతకడం. అసలు వైరస్‌తో చెలగాటం ప్రమాదం కనుక, దాని చొక్కా తొడిగి, లోపల మిణుగురు జన్యువు పెట్టిన ఉత్తుత్తి వైరస్‌ని కణాల మీదకి వదిలేవాళ్ళం. అది లోపలికి దూరితే కణాలు వెలుగుతాయి. మందు అడ్డుపడితే చీకటి. ఏళ్ళ తరబడి, చిన్న చిన్న గుంటల్లో కణాలు పెంచే మా ప్లేట్లన్నీ దీపాల కొట్టులా వెలుగుతూనే ఉన్నాయి. మా మొహాల్లోనే వెలుగు లేదు.

ఎప్పుడైనా ఒక గుంట చీకటిగా కనబడితే ప్రాణం లేచొచ్చేది. పరుగున వెళ్ళి చెబితే ఆవిడ తలైనా ఎత్తకుండా, "కణాలు బతికే ఉన్నాయా? చూశావా?" అనేవారు. చూస్తే చచ్చి ఉండేవి. మందు దొంగని ఆపలేదు, ఇంటివాళ్ళనే చంపేసింది.

ఇంట్లోనూ ఇదే వరస. ఫ్రిజ్ రొద మానేసిందని వాళ్ళాయన మురిసిపోతే, పాలు వాసన చూడమన్నారు. పాలు విరిగిపోయాయి. ఆయన అప్పటినుంచి మురవడం మానేశారు.

అణువులు తయారుచేసే మా కెమిస్టు ఒట్టి వాగుడుకాయ. ఒకసారి అతని మందు వేస్తే గుంటలు చీకటి, కణాలు సజీవం. అందరం అలసట మరిచి చప్పట్లు కొట్టాం. అనుమానమ్మగారు ఇంకో పరీక్ష పెట్టారు. వైరస్ నిక్షేపంలా దూరుతోంది. మందు ఆర్పింది మిణుగురు దీపాన్ని మాత్రమే.

కెమిస్టు మారుమాట లేకుండా వెళ్ళిపోయి, మళ్ళీ రాలేదు. హాయిగా విశ్రాంతి తీసుకుంటున్నానని ఫోన్లో సందేశం పెట్టాడు. అదృష్టవంతుడు, నిద్రపోతున్నాడనుకున్నాం.

"అంత నోరున్నవాడు చప్పుడు చెయ్యకపోతే హాయిగా ఉన్నట్టేనా? ఎవరైనా వెళ్ళి చూశారా?" అన్నారావిడ.

ఎవరమూ చూడలేదు. నన్ను వెంటబెట్టుకుని బయల్దేరారు. ఆ భవనంలో లిఫ్టు పాడైంది. మెట్టుకో తిట్టు చొప్పున పైకెక్కాం. కెమిస్టు మాసిన గడ్డంతో తలుపు తీశాడు. పరదాలన్నీ దించి ఉన్నాయి. భోజనం చేశానన్నాడు. ఆవిడ నేరుగా వంటింట్లోకి వెళ్ళి, పొయ్యి మీద చెయ్యి పెట్టి చూసి, చల్లగా ఉంటే గుడ్లు ఉడకేశారు.

"నా మందు పనికిరాదు మేడం. నేనూ అంతే," అన్నాడతను.

"మందుకి పరీక్ష పెట్టాను కాబట్టి ఒప్పుకుంటాను. నీకు ఏ పరీక్ష పెట్టి తేల్చావు?"

అతను పళ్ళెం దగ్గరికి లాక్కున్నాడు. గుడ్లు తిన్నాడు. సోమవారం తప్పకుండా వస్తానన్నాడు. ఆవిడ సరేనన్నారు.

సోమవారం పొద్దున్నే వెళ్ళి అతని మెట్ల కింద కాపు కాశారట. ఇద్దరూ ఏదో అణువు గురించి దెబ్బలాడుకుంటూ ప్రయోగశాలకి వచ్చారు. వీధి చివర్నించే వినబడింది.