పెళ్ళిచూపుల్లో నా ఇంగ్లీషు జవాబు

పెళ్ళి కావలసిన కుర్రాళ్ళెవరైనా ఇది చదువుతుంటే కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చదవండి. చేతిదాకా వచ్చిన సంబంధాన్ని ఒకే ఒక్క ఇంగ్లీషు వాక్యంతో కాలదన్నుకోబోయిన ఘనుణ్ణి నేను.

డెబ్బైల్లో మాట. ఆళ్ళగడ్డలో టెంపరరీ టీచరుగా పనిచేస్తున్నాను. అప్పుడు నాకు "యువర్ గెస్ ఈజ్ యాజ్ గుడ్ యాజ్ మైన్" అనే మాట దొరికింది. "నీకెంత తెలుసో నాకూ అంతే, ఇద్దరం ఊహించుకోవాల్సిందే" అని అర్థం. అర్థమైతే తెలిసింది గానీ ఎవరి దగ్గర వాడాలో, ఎవరి దగ్గర మింగాలో తెలియలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా ఇంగ్లీషు వచ్చినవాడు పెద్దా చిన్నా ఎరగడు! వాన పడుతుందా అన్నా అదే జవాబు, బస్సు వస్తుందా అన్నా అదే జవాబు.

అలాంటి నన్ను మా నాయన నంద్యాలకు పెళ్ళిచూపులకు తీసుకెళ్ళాడు. పిల్ల పేరు సుగుణ. అంతకుముందే చర్చిలో ఆమె పాట విని, ఈ పిల్ల దక్కకపోతే ఇక బతుకే లేదనుకుని ఉన్నాను. ఆమె తండ్రి రిటైరైన ఇంగ్లీషు మాస్టారు. ప్రార్థన అయింది, కాఫీలు వచ్చాయి. మాస్టారు ఇంగ్లీషులోనే మొదలుపెట్టాడు.

"ఉద్యోగం పర్మనెంటు అవుతుందా?"

"యువర్ గెస్ ఈజ్ యాజ్ గుడ్ యాజ్ మైన్ సార్!"

ఆయన మొహం వెలిగింది. "శభాష్" అన్నాడు. ఆ ఒక్క ముక్కకు నేను పూరీలా పొంగిపోయాను.

"చాగలమర్రికి గానీ బదిలీ చేస్తారా?"

మళ్ళీ అదే అన్నాను. ఈసారి శభాష్ రాలేదు. నేనది గమనిస్తే గదా!

"మా పిల్లను బాగా చూసుకుంటావా?"

అలవాటైన దారిన ఎద్దు పోయినట్టు నా నోరు పోయింది. మొత్తం వాక్యం అనేశాను, చివర సార్‌తో సహా.

మాస్టారు కప్పు నోటిదాకా తెచ్చి ఆపేశాడు. ఇంగ్లీషు ముక్క రాని మా నాయన మాత్రం కొడుకు గెలుస్తున్నాడనుకుని తొడ చరిచాడు. "మావోడు ఒక మాట అన్నాడంటే అంతే సారూ! రాసి పెట్టుకో!"

"రాసుకుంటాలేప్పా. మీవోడు ఏమన్నాడో తెలుసునా నీకు? పిల్లను సూసుకుంటాడో లేదో వానికే తెలీదంట!"

మా నాయన నా వైపు తిరిగాడు. "ఏందిరా ఇది? దేవుని చిత్తమనో, సూసుకుంటాననో అనేదానికి నీకేం రోగం?"

నిజమే. తెలియనిదాన్ని మావాళ్ళు దేవుడి మీద పెడతారు. వినేవాడికి కాస్త ధైర్యం మిగులుతుంది. ఈ ఇంగ్లీషు మాటేమో తెలియనితనాన్ని ఇద్దరికీ చెరిసగం పంచుతుంది. స్నేహితుల మధ్య అది సరసం. కూతుర్ని ఇవ్వబోయే తండ్రికి భయంలో సగం వాటా పెడతామా? నాకు సిగ్గేసింది. పిల్ల దక్కదని ఏడుపు కూడా వచ్చింది.

మాస్టారు కప్పు కింద పెట్టాడు. "ఇంగ్లీషు పక్కన పెట్టప్పా. తెలుగులో చెప్పు. సూసుకుంటావా?"

"సూసుకుంటా సార్. ఎట్ల సూసుకోవాల్నో మాత్రం తెలీదు. నేర్చుకుంటా."

తలుపు వెనక సుగుణ నవ్వింది. మాస్టారు అటు ఒకసారి చూసి, "ఈ ముక్క ముందే ఏడ్చింటే నా కాఫీ సల్లారకపోవును గదప్పా" అన్నాడు. సంబంధం ఖాయమైంది.

తెలియని సంగతిని ఇక ఏ భాష చాటునా దాచనని, తెలియదని తెలుగులోనే ఒప్పుకుంటానని ఆ రోజే ఘోర ప్రతిజ్ఞ చేశాను. ఇప్పుడు ఇదంతా రాసి సుగుణకు చదివి వినిపించాను.

"పెండ్లయిన ఇన్నేండ్లల్లో తెలీదన్న మాట నీ నోట్లోంచి ఒక్కసారన్నా రాలేదే!" అంది.

అందువల్ల ఆ ప్రతిజ్ఞ రేపటి నుంచి అమల్లోకి వస్తుందని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాను.