మైక్రోస్కోపుకు పసుపు నీళ్ళు

మా కాలేజీలో గదుల కన్నా బోర్డులు ఎక్కువ. నాకు అక్షరాలు వచ్చింది నడి వయసు దాటాక, మహిళా సంఘం వాళ్ళు సాయంత్రాలు పెట్టిన బడిలో. ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని కాబట్టి ఎక్కడ రాత కనబడినా ఆగి చదివేదాన్ని, చదివిందల్లా నమ్మేదాన్ని. 'గ్రంథాలయం' అని రాసి ఉన్న గదిలో విరిగిన బెంచీలు ఉండేవి. 'క్రీడా విభాగం' గదిలో ప్రిన్సిపాల్ సారు మోటారు సైకిల్ ఉండేది. అయినా నా నమ్మకం పోలేదు. బెంచీలే ఏదో ఒకనాడు పుస్తకాలవుతాయేమో అనుకునేదాన్ని.

పై అంతస్తులో చివరి గదికి 'జీవకణ పరిశోధన కేంద్రం' అని బోర్డు. ఆ గది ఊడ్చి తుడిచే పని నాది. కాలేజీ మొత్తంలో ఏసీ పనిచేసే గది అదొక్కటే. ఆ చల్లదనం మనుషుల కోసం కాదు, లోపలి మైక్రోస్కోపు కోసం. కరీంనగర్ ఎండలు ముదిరేసరికి సార్లందరికీ జీవకణాల మీద ఆసక్తి పుట్టేది. కుర్చీలు తెచ్చుకుని అక్కడే కూర్చుని పేపర్లు చదువుకునేవాళ్ళు. మైక్రోస్కోపు మీద కప్పిన గుడ్డను మాత్రం ఎవరూ తీసేవాళ్ళు కాదు. అది పాడవుతుందని ప్రిన్సిపాల్ సారుకు బెంగ. వాడితేనే కదా పాడయ్యేది, అందుకని ఎవరినీ వాడనివ్వలేదు.

ఆ గుడ్డ తీసింది ఆదిలాబాద్ నుంచి పరిశోధన చేయడానికి వచ్చిన అమ్మాయి. తండ్రి అక్కడ జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ళు మోసేవాడట. మనిషి సన్నం, గొంతు గట్టిది. వచ్చిన మొదటి రోజే గుడ్డ మీద చెయ్యి వేసింది.

"తియ్యకు బిడ్డా, సారు తిడ్తడు," అన్నాను.

"ఏంది పెద్దమ్మా, గుడ్డను సూస్తందుకు నేను గింత దూరం వచ్చిన్నా?"

అప్పటి నుంచి నేను తుడుస్తుంటే ఆమె చెబుతుండేది, ఆమె చెబుతుంటే నేను తుడిచిందే మళ్ళీ తుడిచేదాన్ని.

"సముద్రంల జెల్లీ చేప అని ఒకటుంటది పెద్దమ్మా. దాని పెయిల ఒక ప్రొటీన్ ఉన్నది. నీలం వెలుగు పడితే ఆకుపచ్చగ మెరుస్తది. గా ప్రొటీన్ తయారు చేసే జీన్ తెచ్చి ఈస్టుల పెట్టిన."

"ఈస్టంటే?"

"బన్ను పొంగుతందుకు బేకరీల ఏస్తరు సూడు, గదే. అది గూడ ప్రాణమున్నదే."

"సముద్రం చేపది తెచ్చి బన్నుల పెడితే ఊకుంటదా అది?"

"ఊకుంటది. మన లెక్క కులం అడగది."

ఆమె చేస్తున్న పని ఇది. కణానికి వేడి తగిలితే అందులోని ఒక ప్రొటీన్ పరుగెత్తి కణం నడుమ ఉండే కేంద్రకంలోకి పోతుందని ఆమె అనుమానం. ఆ ప్రొటీన్‌కు జెల్లీ చేప ప్రొటీన్‌ను దీపంలా తగిలించింది. అది ఎటు పోతే వెలుగు అటు పోతుంది. పాత పద్ధతిలో కణాన్ని చంపి, రంగు వేసి చూసేవాళ్ళట.

"సచ్చినోడు ఉరుకుడు ఎవలన్న సూసిండ్రా? బతికున్నప్పుడే సూడాలె," అనేది. మళ్ళీ తనే, "కానీ ఊకె సూడొద్దు. నీలం దీపం ఎక్కువసేపు ఏస్తే మెరుపు ఆరిపోతది, కణం గూడ సస్తది," అనేది.

ప్రతిసారీ రెండు గాజు పలకలు తయారు చేసేది. ఒకదాని మీద మెరిసే కణాలు, రెండోదాని మీద జెల్లీ చేప జీన్ పెట్టని ఉత్త కణాలు.

"రెండోదాంట్ల ఏం కనవడ్తది?"

"ఏం కనవడొద్దు. నల్లగుండాలె. అది నల్లగుంటేనే మొదటిదాన్ని నమ్మాలె."

పని సగంలో ఉండగా హైదరాబాద్ నుంచి కబురు వచ్చింది. మైక్రోస్కోపును ఎవరైనా వాడుతున్నారో లేదో చూడటానికి కమిటీ వస్తుంది, వాడకపోతే తీసుకుపోయి వేరే చోట పెడతారు. ఆ పూట ఆమె టిఫిన్ డబ్బా తెరవలేదు.

"మిషన్ పోతే నా పనంత ఆగమైతది పెద్దమ్మా. మల్ల ఇంకెవలో గుడ్డ తీయనిచ్చేదాక ఎదురు సూడాలె. బాపు ఇప్పటికే ఫోన్ల అడుగుతుండు, ఇంక ఎన్నొద్దులు బిడ్డా అని."

ప్రిన్సిపాల్ సారు కూడా పరేషాన్ అయ్యాడు. గోడలకు సున్నం వేయించాడు. పాత బోర్డు తీసి అంతకన్నా పెద్దది పెట్టించాడు. గేటుకు ఫ్లెక్సీ కట్టించాడు, అందులో ఆయన నిలువెత్తున ఉన్నాడు, మైక్రోస్కోపు ఆయన మోచేతి దగ్గర ఉంది. ఇన్ని చేసినా మనసు కుదుట పడలేదేమో, కమిటీ వచ్చే పొద్దున గదిలోకి వచ్చి అసలు కారణం కనిపెట్టాడు.

"గీ మిషన్ వచ్చిన కాడికెల్లి దీనికి ఒక్కసారన్న పూజ చేసినమా? గందుకే గీ పీడ. సిరిసిల్లల మా బావమరిది బట్టలు నేసే సాంచాలు నడిపిస్తడు, బొట్టు పెట్టంది ఒక్క పోగు నేయడు. బోరు మోటరుకు చేస్తం, ఆర్టీసీ బస్సుకు చేస్తం, దీనికేం పాపం?" అని నా వైపు తిరిగాడు. "ఆయమ్మా, మీ ఇంట్ల మంచి పసుపుంటది గదా, పట్టుకరా. దుకాణంది వద్దు, కల్తీ."

మా తమ్ముడు మెట్‌పల్లి దిక్కున పసుపు పండిస్తాడు. వాడు పంపిన పసుపే తెచ్చాను. చెంబు నీళ్ళలో గుప్పెడు కలపమంటే కలిపాను.

"సర్, మిషన్ మీద నీళ్ళు పడొద్దు," అంది ఆ అమ్మాయి.

"నీళ్ళెక్కడివమ్మా? పసుపు నీళ్ళు."

కొబ్బరికాయ మిషన్ ముందు కాకుండా మెట్ల మీద కొట్టడానికి ఆయన్ను ఒప్పించేసరికి ఆమె ఓపికంతా అయిపోయింది. కాయ కొట్టేటప్పుడు పళ్ళెం పట్టుకోవడానికి ఆమెనే పిలిచాడు. బల్ల మీద రెండు గాజు పలకలు సిద్ధంగా ఉన్నాయి, వాటి మీద ఇంకా పై గాజు మూయలేదు. ఆమె ఇంకా మెట్ల మీద కొబ్బరి చిప్పలు ఏరుతుండగానే, తిరిగొచ్చిన సారు మైక్రోస్కోపుకు గుడ్డ కప్పి, మామిడాకులతో గది నాలుగు మూలలా పసుపు నీళ్ళు చల్లాడు. భక్తి ఎక్కువై బల్ల మీద రెండుసార్లు చల్లాడు. ఇంతలో కింద కారు హారన్. అందరం పరుగులు. ఆమె ఆ హడావిడిలోనే పలకల మీద పై గాజు మూసి, మొదటిది మిషన్‌లో పెట్టింది.

కమిటీలో పెద్ద ఒక మేడం, నెరిసిన జుట్టు, మాట తక్కువ. ఆమె కన్నా ముందు ప్రిన్సిపాల్ సారే కన్ను పెట్టాడు.

"అబ్బబ్బ! గోదారి ఒడ్డున వరి నారు లెక్క కనవడ్తుంది మేడం!"

తర్వాత కమిటీలో మిగిలినవాళ్ళు, వాళ్ళ తర్వాత మా సార్లు. ఏసీ కోసం తప్ప ఆ గదిలోకి రానివాళ్ళు కూడా వరుస కట్టారు.

"సర్, దీపం బందు చేస్త, కణాలు సస్తయి," అంది ఆమె.

"ఉండమ్మా, జర సూడనియ్యి. చస్తే మల్ల పెంచుకుందాం."

చివరికి మేడం చూసింది. తల ఊపింది. "రెండోది చూపించు," అంది.

ఆ అమ్మాయి రెండో పలక పెట్టింది. నల్లగా ఉండాల్సినది మొదటిదాని కన్నా గట్టిగా మెరిసింది. ప్రిన్సిపాల్ సారు వంగి చూసి చప్పట్లు కొట్టాడు. "రెండోది ఇంక మంచిగొచ్చింది మేడం!"

సార్లందరూ కొట్టారు. ఆ అమ్మాయి ముఖంలో నెత్తురు లేదు. నేను టీ పళ్ళెంతో పక్కనే ఉన్నాను. సారు నవ్వు చెదరకుండా ఆమె చెవి దగ్గర అనడం విన్నాను. "గట్ల మొఖం పెట్టకు. మెచ్చుకుంటున్నరు, ఊకో."

ఊరుకుంటే మిషన్ ఉంటుంది. నేనైతే ఊరుకోమనే చెప్పేదాన్ని. ఆమె బల్ల మీది పచ్చటి చుక్కలను చూసింది, నా చెంబు తీసుకుంది, కడిగిన గాజు పలక మీద ఒక్క బొట్టు వేసి మిషన్ కింద పెట్టింది. అదీ మెరిసింది.

"మేడం, మీరు సూసింది నా కణాలు కావు. పసుపు. నీలం వెలుగుల పసుపు గూడ ఆకుపచ్చగనే మెరుస్తది. పొద్దుగాల పూజల వడ్డది."

ముందుగా తేరుకున్నది మా సారే.

"అంటే మేడం, మన పూర్వీకులకు గిది ఎరుకే అన్నట్టు. గడపకు పసుపు ఎందుకు రాస్తరు మరి?"

"గడప మీద నీలం దీపం వేసి చూసిందెవరండీ?" అంది మేడం.

"గదే పరిశోధన చేయాలె మేడం!"

మేడం మిషన్ ముందు నుంచి లేచింది. "కొత్తగా రెండు పలకలు తయారు చెయ్యి. నేను భోజనం చేసి వస్తాను," అంది ఆ అమ్మాయితో.

కింద బగారన్నం, నాటుకోడి కూర. పైన మేమిద్దరం. నేను బల్లలు, గోడలు, నేల కడిగాను. ఆమె మిషన్‌ను దూదితో తుడిచి, పెంపకం పెట్టె నుంచి వేరే కణాలు తీసింది. సాయం చేద్దామని దగ్గరికి పోతే, "పెద్దమ్మా, నీ చేతులు ఇటు రానియ్యకు," అంది. చూసుకుంటే అరచేతులు పచ్చగా ఉన్నాయి. సబ్బుతో రుద్దినా పోలేదు. తలుపు దగ్గర నిలబడ్డాను. మామిడాకులతో ఎవరైనా వస్తే ఆపడానికి నా చేతులు చాలు.

మేడం తిరిగొచ్చింది. మొదటి పలక మీద మసక మసకగా కొన్ని ఆకుపచ్చ చుక్కలు. పొద్దుటి పంట పొలం లేదు. రెండోదాని మీద కన్ను పెట్టిన ప్రిన్సిపాల్ సారు గాభరా పడ్డాడు.

"ఏం కనిపిస్తలేదు! కరెంటు పోయిందా?"

మేడం ఆ నల్లటి పలకనే ఎక్కువసేపు చూసింది. లేచి, "మిషన్ ఇక్కడే ఉంటుంది. ఈ అమ్మాయి పని పూర్తి చేయనివ్వండి," అంది.

మిషన్ ఉండిపోయినందుకు కారణం ఏమిటో మర్నాడు పేపర్లో పడింది. పసుపు. సాయంత్రం సారు విలేకరిని పిలిపించి గేటు దగ్గర తీయించిన ఫోటోలో ఆయన చెంబు పట్టుకుని ఉన్నాడు, పక్కన నేను రెండు అరచేతులూ చాపి ఉన్నాను. ఆ అమ్మాయి మా వెనక ఫ్లెక్సీ జారకుండా పట్టుకుంది కాబట్టి కనబడలేదు. నా గురించి రాసిన రాతను నేనే చదువుకోవడం అదే మొదలు, కూడబలుక్కుంటూ చదివాను. 'ఇది తరతరాలుగా తమకు తెలిసిన శాస్త్రమేనని ఆమె వివరించారు' అని ఉంది. నాకు వివరించడం వచ్చని చదివాకే తెలిసింది. అచ్చులో ఉన్నదంతా నిజమనే నా నమ్మకం ఆ రోజు నుంచి కొంచెం ఒరిగింది.

బోర్డు మళ్ళీ మారింది. 'పసుపు పరిశోధన కేంద్రం' అని పెద్ద అక్షరాలు, కింద 'జీవకణ విభాగం' అని చిన్నవి. పొద్దుటి పూట పసుపుకు కేటాయించారు. సార్లు వచ్చి ఏసీలో కూర్చుని పసుపు గురించి ఆలోచించేవాళ్ళు. మధ్యాహ్నం నుంచి ఆ అమ్మాయిది. ఆమె రోజూ ముందు గది తుడిపించేది, తర్వాత నా చేతులు చూసేది.

దసరా సెలవులకు ముందు సారు మళ్ళీ చెంబుతో వచ్చాడు. ఈసారి ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"గడప కాడ సల్లుండ్రి సర్. మన పూర్వీకులు గూడ గడపకే గదా రాసిండ్రు."

అది తన మాటే కాబట్టి ఆయన ఒప్పుకున్నాడు. గడపకు చల్లి, బోర్డుకు బొట్టు పెట్టి పోయాడు.

లోపల ఆమె కణాలకు వేడి తగిలించి, రెండో పలక చూసి, "నల్లగుంది" అనుకుని, మొదటిదానికి మారింది. తల ఎత్తి నన్ను పిలిచింది.

"చేతులు ఎన్కకు పెట్టుకోని, కన్నొక్కటే పెట్టు పెద్దమ్మా."

ఎప్పుడూ కణం నిండా పరుచుకుని ఉండే ఆకుపచ్చ ఇప్పుడు అలా లేదు. అంతా నడుమకు పోయి ఒక్క చుక్కగా ముడుచుకుంది. చుక్క చుట్టూ చీకటి.

"లోపటికి పోయింది గదనే!" అన్నాను.

"పోయింది," అంది. గట్టి గొంతు ఆ ఒక్క మాటకు సన్నబడింది.

నాకు ఇంకా చూడాలని ఉంది. ఆమె దీపం ఆర్పేసింది.