సాన బాబాయి జతకత్తి

కత్తి కొనడం కష్టమేం కాదు. డబ్బు పారేస్తే ఏ దేశంలో ఉన్నవాడైనా అమ్ముతాడు. దాన్ని సరిహద్దు దాటించి, ఇంటికి తెచ్చుకుని, నాది అనుకోవడమే కత్తి మీద సాము. ఇది నేను తెలిసే చెబుతున్నాను. ఓడరేవు రోడ్డులో మేడమీద ఒక గది అద్దెకు తీసుకుని, బయటి దేశాల సరుకును కస్టమ్స్ నుంచి విడిపించి పెట్టడమే నా బతుకుతెరువు. యంత్రాల విడిభాగాలు, పిల్లల బొమ్మలు, అత్తరు సీసాలు, ఒకసారి గడ్డి కూరిన ఎలుగుబంటి కూడా నా బల్ల మీదుగా వెళ్ళాయి. ముందు తెప్పించేసుకుని, సరుకు షెడ్డులో ఇరుక్కున్నాక "ఇప్పుడేం చేయాలండీ?" అని వచ్చేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. చేతులు కాలాక ఆకులు పట్టుకునే రకం.

సాన బాబాయి ఆ రకం కాదు. ముందే అడగడానికి వచ్చాడు. అందుకే ఆ రోజు ఆయన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను.

నా మెట్ల కిందే ఆయన కొట్టు. కొట్టంటే కొట్టు కాదు, కాలితో తొక్కే సానచక్రం, ఒక స్టూలు, నీళ్ళ డబ్బా, వాటి మీద రేకు. దర్జీల కత్తెరలు, మాంసం కొట్టు కత్తులు, మంగళ్ళ కత్తులు అన్నీ ఆయన చేతి మీదే పదునెక్కేవి. చక్రం తిరిగినంతసేపూ నా గదిలో ఫోను వినపడేది కాదు. దానికి నేను రోజూ తిట్టేదాన్ని, ఆయన రోజూ నవ్వేవాడు. రోడ్డంతా ఆయన్ని బాబాయి అనే పిలిచేది. అన్న లేడు, తమ్ముడు లేడు, తల్లికి ఒక్కడే కొడుకు. అలాంటి మనిషి ఇంతమందికి బాబాయి ఎలా అయ్యాడో ఆ రోడ్డుకే తెలియాలి. పిల్లలు లేరు. భార్య పోయి చాలా ఏళ్ళయింది.

"అమ్మా, బయటి దేశం నుంచి కత్తి తెప్పించుకోవాలంటే ఏం చేయాలి?" అన్నాడు.

"కిందంతా కత్తులేగా బాబాయ్, ఇంకా ఎందుకు?"

"అవి జనాలవి. సాయంత్రానికి ఎవరివి వాళ్ళు పట్టుకుపోతారు."

అప్పుడు చెప్పాడు సంగతి. పెళ్ళైన కొత్తలో ఎవరో పాత ఇనుముతో పాటు ఒక పొడుగు కత్తి తెచ్చి ఆయనకు అంటగట్టి పోయారట. తోమితే పిడి దగ్గర చిన్న చేప గుర్తు బయటపడింది, కుడివైపు చూస్తోంది. ఆయన దాన్ని మెరిసేలా పదును పెట్టి గోడకు తగిలించాడు. భార్య మాత్రం ఆ చేపను చూసి, "ఒక్క చేపను ఎవరు చెక్కుతారు? దీనికి ఎదురుగా ఇంకోటి ఉండే ఉంటుంది. పాపం ఎక్కడుందో" అనేదట. ఇల్లు తుడుస్తూ, బట్టలు మడతపెడుతూ అదే మాట. ఆమె పోయాక ఈయన ఆ వెతుకులాట అందుకున్నాడు. ఫోను పట్టుకుని పాత వస్తువులు అమ్మేవాళ్ళు పెట్టే ఫొటోలన్నీ చూడటమే సాయంత్రాల పని. చివరికి దొరికింది. సముద్రం అవతల, ఒక ముసలి వ్యాపారి దగ్గర. అదే పొడవు, అదే పిడి, తుప్పులో మసకగా ఎడమవైపు చూస్తున్న చేప.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు బాబాయ్" అన్నాను ఎగతాళిగా.

"ఒర దాంతో పాటే వస్తుందమ్మా. అడిగాను."

నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. కాగితం తీసి నియమాలు చెప్పడం మొదలుపెట్టాను. చట్టం కళ్ళకు మనిషికి లాగే కత్తికి కూడా వయసు మీద పడితేనే మర్యాద. వందేళ్ళు దాటితే పురావస్తువు, దాటకపోతే మారణాయుధం. ఆ వయసును అమ్మేవాడి దేశంలో నిపుణుడి చేత రాయించాలి. సరుకు అక్కడ బయలుదేరకముందే ఇక్కడి అనుమతి చేతికి రావాలి, దారిలో ఉండగా వస్తే చెల్లదు. బయటి నుంచి వచ్చే కత్తి అంచుకు పదును ఉండకూడదు. దేశంలోనే దొరికిన పాతదానికి ఆ పట్టింపు లేదు, నమోదు చేయిస్తే చాలు. ఎందుకని నన్ను అడగకండి, చట్టాలు రాసినవాళ్ళను నేను కలవలేదు. ఇంటికి చేరాక పురావస్తు అధికారి వచ్చి చూసి ముద్ర వేసేదాకా కత్తి ఎలా వచ్చిందో అలాగే ఉండాలి. వీధిలో పట్టుకు తిరగకూడదు. ఇంట్లో గోడకు బిగించిన ఇనుప బీరువాలో ఉంచాలి.

అన్నిటికీ ఆయన బుద్ధిగా తల ఊపాడు. చివరి నియమం దగ్గర ఆగిపోయాడు. బీరువాకు రెండు తాళంచెవులుండాలి. ఒకటి యజమాని దగ్గర, రెండోది వేరే ఇంట్లో ఉండే దగ్గరి బంధువు దగ్గర. ఆ బంధువు మూడు నెలలకోసారి వచ్చి, తన తాళంచెవితో బీరువా తెరిచి, కత్తులున్నాయని చూసి సంతకం పెట్టాలి. యజమానికి ఏమన్నా అయితే వాటి పూచీ ఆ బంధువుదే.

"బంధువే కావాలా?"

"బంధువే."

"ఈ రోడ్డంతా నన్ను బాబాయనే పిలుస్తుంది కదమ్మా."

"పిలిస్తే చాలదు బాబాయ్. అయ్యుండాలి."

ఆ మాట కటువుగా వచ్చింది. నా నోరే అంత. ఆయన కాసేపు చేతుల వంక చూసుకుని కిందికి వెళ్ళిపోయాడు. ఆ పూట చక్రం తిరగలేదు. ఫోనులో ప్రతి మాటా చక్కగా వినపడింది, నాకు మాత్రం ఏదీ బుర్రకెక్కలేదు.

కొన్నాళ్ళకు మళ్ళీ వచ్చాడు. భార్యకు ఒక చెల్లెలు ఉందట, ఊరికి ఆ చివర, ఆసుపత్రి దగ్గర బట్టలు కుట్టుకుంటుంది. అక్క పోయినప్పుడు వచ్చింది, అంతే. మళ్ళీ రాలేదు, ఈయనా వెళ్ళలేదు.

"ఏమైనా గొడవ పడ్డారా?" అన్నాను.

"గొడవేం లేదమ్మా. గొడవుంటే రాజీకైనా వచ్చేది."

వెళ్ళి అడిగాడట. ఆమె కత్తి అనగానే కంగారు పడింది, తర్వాత చేప సంగతి విని నవ్వింది, సరే అంది. అదంతా చెప్పి, లేవబోతూ అన్నాడు: "ఇదివరకు బావా అనేది. ఇప్పుడు బావగారూ అంటోంది."

మర్యాద పెరిగిందంటే మనిషి దూరమైనట్టేనని ఎవరికి తెలియదు?

ఇక పని మొదలైంది. నిపుణుడి కాగితం వచ్చింది, అనుమతి వచ్చింది, వ్యాపారి కత్తిని చెక్కపెట్టెలో కట్టి పంపాడు. ఈలోగా బాబాయి తన ఒక్క గదిలో బీరువా బిగించుకున్నాడు. కొలతలు చూడాలని నేనూ వెళ్ళాను. ఒక మంచం, ఒక పొయ్యి, ఒక కుర్చీ. కుర్చీ పక్కన ఇంకో కుర్చీ, దాని కాళ్ళకు కట్టిన కొట్టువాడి అట్టముక్కలు ఇంకా విప్పలేదు.

"ఇదెందుకు?"

"తనిఖీకి వచ్చినప్పుడు మరదలు కూర్చోవాలి కదా. చట్టం."

"కుర్చీ వేయమని చట్టంలో లేదు బాబాయ్."

"నిలబెట్టి సంతకం చేయించమని ఉందా?" అన్నాడు. ఆ రోజు ఆయన నోరు నా నోటికి తగ్గలేదు. మూడు నెలలకోసారి ఒక మనిషి తలుపు తట్టి లోపలికి రావడమన్నది ఆయనకు కత్తి కంటే పెద్ద సంగతైపోయిందని అప్పటికి నాకు అర్థమైంది. అది ఎక్కడ బయటపడుతుందోనని ఆయన చట్టం పేరు చెప్పుకుంటున్నాడు.

పెట్టె విప్పిన రోజు మరదలు వచ్చింది. సన్నగా, చేతిసంచీలో కొలతల టేపుతో, పని మధ్యలో లేచి వచ్చినట్టుంది. కత్తి బయటికి తీస్తే అంతా తుప్పు. అంచు మొద్దుగా, పప్పు గరిటలా ఉంది. చట్టానికి కావలసింది కూడా అదే కాబట్టి నాకు ప్రాణం కుదుటపడింది. ఆమె వంగి చూసి, "అక్క చెప్పిన చేప ఇదేనా బావగారూ? తుప్పు కింద సరిగ్గా కనపడటమే లేదే" అంది. అంతకుమించి ఏమీ అనలేదు. తాళంచెవి తీసుకుని, అధికారి వచ్చే రోజు మళ్ళీ వస్తానని చెప్పి వెళ్ళింది. రెండు కత్తులనూ బీరువాలో పక్కపక్కన పెట్టించి, ముట్టుకోవద్దని చెప్పి నేనూ వచ్చేశాను. ముట్టుకోవద్దు అని విడిగా, గట్టిగా చెప్పాను.

అధికారి వచ్చిన రోజు మేమంతా ఆ గదిలోనే ఉన్నాం. భూతద్దం మెడలో వేసుకున్న నెమ్మదైన మనిషి. మరదలు కొత్త కుర్చీలో కూర్చుంది. అట్టముక్కలు పోయాయి, కుర్చీ మీద ఉతికిన గుడ్డ పరిచి ఉంది. బాబాయి గడ్డం గీసుకున్నాడు. ఆమె తన తాళంచెవి తీసేలోపే, తొందర కొద్దీ, తన దాంతో తానే బీరువా తెరిచాడు.

రెండు కత్తులూ తళతళమన్నాయి. రెండు చేపలూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి.

అధికారి భూతద్దం పెట్టకుండానే అడిగాడు. "ఈ పదును ఎప్పటిదండీ?"

నేను కళ్ళతో సైగ చేసేలోపే బాబాయి నవ్వుమొహంతో చెప్పేశాడు. "నేనే సాన పట్టానండి. మొద్దుగా వచ్చింది పాపం."

నా తల నేనే కొట్టుకున్నాను. చేప కనపడాలని తుప్పు గీకడం మొదలుపెట్టాడట. చేప బయటపడ్డాక చేయి అలా అలా అంచు మీదికి పోయిందట. చేతికొచ్చిన కత్తిని మొద్దుగా ఉంచకూడదని వాళ్ళ నాన్న నేర్పాడు. ఆ మనిషి బతుకులో మొద్దుగా వదిలేసిన కత్తి ఒక్కటీ లేదు. పైగా పక్కదానికి పదునుండి దీనికి లేకపోతే జత ఎలా అవుతుంది? ముట్టుకోవద్దన్న నా మాట ఆయన మరిచిపోలేదు. మరదలు చూడటానికి వస్తోంది కదా అన్న మాట దాన్ని తోసేసింది.

"అయ్యో బావా!" అంది ఆమె, కుర్చీలోంచి లేచి.

అధికారి చెడ్డవాడు కాదు. ఎంతసేపో తటపటాయించాడు. కానీ ఆయన చేతిలోనూ ఏం లేదు. తుప్పుతో పాటు వయసుకు సాక్ష్యం పోయింది, పదునుతో పాటు పురావస్తువన్న పేరు పోయింది. మిగిలింది బయటి నుంచి వచ్చిన ఆయుధం. కరిగించడానికి అప్పగించాలి, లేదంటే వచ్చినచోటికి తిప్పి పంపాలి. పాతదానికి ఇబ్బంది లేదు, అది ఉంచుకోవచ్చు అన్నాడు.

మర్నాడు బాబాయి నా గదికి వచ్చి, తిప్పి పంపేయమన్నాడు. "రెండూ" అన్నాడు.

నాకు కోపం ఆగలేదు. "పిచ్చా నీకు? పాతది నీదే కదా! నీ భార్య చేతుల్లో తిరిగిన కత్తి. ఇంట్లో ఆ మాత్రమైనా ఉండనీ."

"ఇన్నేళ్ళూ దానికి జత ఉందని తెలీదమ్మా. ఊహించుకుంటూ గోడకు ఉంది. ఇప్పుడు కలిసి ఉండటం ఎలా ఉంటుందో చూసింది. మళ్ళీ ఒక్కటే ఉండాలంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ ముసలాయనకు రాయి. డబ్బేం వద్దు, విడదీయకుండా ఉంచితే చాలని."

రాశాను. ఉంచుతానని ఆ వ్యాపారి జవాబిచ్చాడు. ఎగుమతికి ఇంకో అనుమతి తీసుకుని, రెండు కత్తులనూ ఒకే పెట్టెలో, ఎవరి ఒరలో వాళ్ళను పెట్టి పంపించాను. షెడ్డు దాకా బాబాయి వచ్చాడు. పెట్టె మీద చేయి వేసి కొంచెంసేపు నిలబడ్డాడు, అంతే.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం మరదలు నా గదికి వచ్చింది. కింద బాబాయి లేడు, హోటళ్ళకు కత్తులు ఇచ్చి రావడానికి వెళ్ళాడు. కాసేపు కూర్చుంది, కిటికీలోంచి చూసింది, కుట్టుపని మిగిలిపోయిందని లేచింది. తాళంచెవి నా బల్ల మీద పెట్టి, "బావగారికి ఇచ్చేయండి, ఇక దీంతో పని లేదుగా" అంది. తప్పుగా అనలేదు. నిజంగానే పని లేదు.

ఆమె వెళ్ళిన కాసేపటికే ఆయన మెట్లెక్కి వచ్చాడు. తాళంచెవి అప్పటికి సొరుగులో పెట్టాను. కుర్చీలో కూర్చుని, ముందు వాన గురించి, తర్వాత చక్రానికి వేయాల్సిన పట్టీ గురించి మాట్లాడాడు. తర్వాత నా బల్ల మీదున్న నియమాల పుస్తకం వైపు చూస్తూ అడిగాడు.

"అమ్మా, బీరువా ఇంకా గోడకే ఉంది. ఖాళీ బీరువాకు కూడా తనిఖీ ఉండాలని ఇందులో ఎక్కడైనా ఉందా?"

నాకు ఆ పుస్తకం కంఠతా వచ్చు. అయినా తీసి పేజీలు తిప్పాను. ఒకసారి చివరిదాకా వెళ్ళి మళ్ళీ మొదటికి వచ్చాను. ఆయన కదలకుండా కూర్చున్నాడు. ఉందని అబద్ధం చెబుదామా అనిపించింది. చెప్పి ఉంటే ఆమె వచ్చేదే, కానీ సంతకం పెట్టి వెళ్ళిపోయేది.

"లేదు బాబాయ్" అన్నాను.

"అనుకున్నాను."

సొరుగు తీసి తాళంచెవి ఆయన ముందు పెట్టాను. ఎక్కడిదని అడగలేదు. తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్తదిలాగే ఉంది" అన్నాడు. "ఒక్కసారన్నా తాళంలో పెట్టి తిప్పలేదు పాపం."

దాన్ని జేబులో వేసుకుని లేస్తూ, నా బల్ల మీద పెట్టెలు కోసే చిన్న కత్తిని చూసి, అంచు మీద బొటనవేలు ఆనించి, మొద్దుబారిపోయిందని కిందికి పట్టుకెళ్ళాడు. చక్రం తిరగడం మొదలైంది. ఫోను మోగుతోంది, ఎవరో ఏదో అడుగుతున్నారు, ఏమీ వినపడలేదు. ఆ రోజు నేను తిట్టలేదు. వేలెడంత కత్తి అది, నిమిషంలో అయిపోయే పని. సాయంత్రం దాకా చక్రం తిరుగుతూనే ఉంది.